తుప్పు చెప్పిన సాక్ష్యము

శరదృతువు తుదిదినములలో తూర్పుకనుమల నెత్తములయందు వలిసెపూలు విరియబూచి కొండవాలులన్నియు పసుపు పూసినట్లు మెఱయుచుండెను. గెడ్డలలోని నీరు వర్షాకాలపు బురదను విడిచి తేటపడెను. లోయలనుండి లేచిన పొగమంచు బాలసూర్యకిరణస్పర్శచే మెల్లమెల్లగా చీలి చెట్లకొమ్మలనుండి చుక్కలుచుక్కలుగా రాలుచుండ, పసుపుకొమ్ములును పిప్పళ్ళును కొండచీపుళ్ళును తలలపై మోసికొని నలుదిక్కుల గూడెములనుండియు జనులు బారులుతీరి చింతలగెడ్డ సంతకు దిగుచుండిరి. ఆ సంతకు పడమటివైపున జీపులు నిలుచు మైదానమునకు ఎదురుగా పాతయినుపకుప్పల నడుమ త్రాసు వ్రేలాడదీసికొని వర్తకము చేయు స్త్రీ పేరు వెలగల భూలోకమ్మ.

భూలోకమ్మ పొట్టియు గట్టియునైన మనిషి. విఱిగిన నాగటికఱ్ఱులును ఓటిపడిన బిందెలును తెగిన గొలుసులును కొని పల్లపుసీమ వర్తకులకు అమ్ముట యామె వృత్తి. ఇరువదియేండ్లుగా ఇనుము తూచుచుండుటచే త్రాసున వేయకమునుపే చేతిబరువునుబట్టి తూకము చెప్పగలిగినట్లే, మనుష్యుని మాటలో గింజయెంత తాలుయెంత యని నిర్ణయించు నేర్పును ఆమెకు అలవడెను. ఒకరు తనకు చేసిన మేలు పిడికెడు చింతపండంతదైనను తిరిగి ఈయక ఊరకుండదు. ఒకరు చేసిన కీడును అట్లే. మేలు తిరిగి ఇచ్చునప్పుడు పిసరంత మొగ్గు చూపును గాని కీడు తిరిగి ఇచ్చునప్పుడు గోరంతయు హెచ్చుతగ్గులు రానీయదు. ఆ సంతనాడు ఆమె తిరిగి ఈయదలచిన కీడునకు నాలుగు సంవత్సరముల వయస్సు.

ఆమె పెనిమిటి తవిటయ్య జీపుల మేస్త్రి. ఆ కనుమదారిలో తిరుగు జీపులన్నియు సైన్యమువారు వాడి విడిచినవియు అటవీగుత్తదారులు అరుగదీసి అమ్మినవియునై, మనుష్యులైనచో మంచముపట్టవలసిన ప్రాయమునందు పండ్రెండుమంది కూర్చుండవలసినచోట ఇరువదిమందిని మోయుచు తిరుగునవి. వానిని బ్రతికించి నడిపించుచుండినది తవిటయ్య చేయి. అతనియొద్ద ఒకే నియమము ఉండెను. ముందు వచ్చిన జీపునకు ముందు, వెనుక వచ్చినదానికి వెనుక. జీపుల సంఘపు అధ్యక్షుని జీపైనను అప్పుడే కొన్నవాని జీపైనను వరుస తప్పించుట యెఱుగడు.

నాలుగేండ్లక్రిందట ఒక సంతనాడు కనుమదారి ఏడవ మలుపున కింతలి జోగినాయుని జీపు లోయలో పడెను. దానిని నడుపుచుండిన వంతల సుకురు అనువాడును సంతకు వచ్చుచుండిన యిరువురు స్త్రీలును అక్కడికక్కడే మరణించిరి. జోగినాయుడే ఆ సంఘమునకు అధ్యక్షుడు. మూడవనాడు సంఘము కూడినప్పుడు అతడు లేచి, మలుపున స్టీరింగు తిరుగలేదనియు ఇరువదిదినముల మునుపు ఆ స్టీరింగును విప్పి కట్టినవాడు తవిటయ్యయే యనియు చెప్పెను. పెద్దలు తవిటయ్యను అడిగిరి. మఱియొకడైనచో 'నేను కాదు' అనియుండును. తవిటయ్య తన రెండుచేతులను త్రిప్పి త్రిప్పి చూచుకొని చెప్పెను.

"ఏమో బాబూ. నా సేతుల్లో ఏటైనా తప్పు జరిగినాదేమో. మనిషినే గదా."

నిజాయితీపరుడు తన పనినిగూర్చి పడిన సందేహమును సంఘము ఒప్పుకోలుగా వ్రాసికొనెను. నాటినుండి జీపులన్నియు మరమ్మతునకు పల్లమునకు దిగిపోవసాగెను. తవిటయ్య పనిముట్ల పెట్టెకు తాళమువేసి, భార్య యినుపకుప్పల వెనుక కూర్చుండి నట్లను బోల్టులను వేఱుపఱచుచు కాలము గడుపుచుండెను. దారిలో సుకురు భార్య చిలకమ్మ యెదురైనచో ప్రక్కకు తొలగి ఆమె దాటిపోవువఱకు తలయెత్తడు. రాత్రులు నిద్రలో అతని చేతివ్రేళ్ళు దేనినో బిగించుచున్నట్లు కదలుచుండెను.

భూలోకమ్మ ఆ నాలుగేండ్లలో ఒక్కనాడును ఏడువలేదు. తన పెనిమిటి తప్పుచేసెనో లేదో ఆమెకు తెలియదు. కాని అతడు పనిచేయు పద్ధతిని ప్రక్కనుండి పదునెనిమిదియేండ్లు చూచినది. ఆ పద్ధతిలో ఒక చిన్న సంగతి జోగినాయునికి తెలియదని మాత్రము ఆమె యెఱుగును. దానిని ఎవరితోను చెప్పక గుప్పిట మూసికొని, లోయనుండి పైకిలాగిన జీపు జోగినాయుని దొడ్డిలో నాలుగు వర్షాకాలములు తడియుచుండగా ఎదురుగా కూర్చుండి చూచుచుండెను. ఎంతటి బండియైనను కడకు పాతయినుమై త్రాసునకు రావలసినదేయని ఆమె తొందరపడలేదు. జోగినాయుడు దానిని భూలోకమ్మకు చచ్చినను అమ్మడని లోకమెఱుగును. అందుచేత నర్సీపట్నపు వర్తకుడొకడు వచ్చి కొనెను. వానిచేత కొనిపించినది ఎవరో జీపు ఆమె అంగడిముందు దిగినప్పుడుగాని జోగినాయునికి తెలిసిరాలేదు.

జీపు దిగిన సాయంకాలమే ఆమె పాంగి సన్యాసి యింటికి పోయెను. సన్యాసి ఆ కనుమదారిలో నలువదియేండ్లు జీపు నడిపిన ముదుసలి. సంఘములో అతని మాటకు అధ్యక్షుని మాటకంటె బరువెక్కువ.

"మావా, వచ్చే సంతనాడు అందరి ముందర ఆ జీపు స్టీరింగు చెయ్యి ఊడదీయిస్తాను. నువ్వు దగ్గరుండాల."

"ఊడదీస్తే ఏటొస్తాది కోడలా? పోయినోళ్ళు లేచొస్తారేటి?"

"ఆళ్ళు రారు. బతికుండి చచ్చినోడొకడు నా ఇంట్లో ఉన్నాడు. ఆడొస్తాడేమోనని."

సన్యాసి తల యూపెను.

స్టీరింగుచక్రమును త్రిప్పినప్పుడు ఆ త్రిప్పును ముందరిచక్రములకు అందించు జానెడు ఇనుపముక్క యొకటి జీపుల అడుగున నుండును. మేస్త్రీలు దానిని పిట్‌మన్ ఆర్మ్ అందురు. జీపులవారు చేయి అని మాత్రమే యందురు. స్టీరింగుపెట్టెనుండి క్రిందికి వెలువడిన పండ్లయిరుసుకు దానిని తొడిగి పెద్దనట్టుతో బిగింతురు. ఆ యిరుసు కొన సన్నమై మొదలు లావై యుండుటచే బిగించినకొలదియు చేయి దానిని కఱచుకొనును. ఇక తుప్పుకూడ తోడైనచో రెండును ఒకే యినుమైనట్లు అతుకుకొనిపోవును.

సంతనాటికి మూడుదినముల ముందునుండియు భూలోకమ్మ ఆ సందున కిరసనాయిలు పోయుచు తడిపియుంచెను. ప్రొద్దెక్కునప్పటికి మైదానమున జనులు గుమిగూడిరి. జీపులవారు వచ్చిరి. సుకురు భార్య చిలకమ్మ వచ్చి దూరముగా నిలువబడెను. తవిటయ్య మాత్రము రాలేదు. అటుపిమ్మట జోగినాయుడు తెల్లచొక్కా తొడిగికొని తాళపుచెవులగుత్తిని వ్రేలిచుట్టు త్రిప్పుచు నవ్వుచు వచ్చెను.

"ఏటి భూలోకమ్మా, పాతినుము తూసుకోక పంచాయితీలెట్టినావేటి?"

"తూసుకోడానికే పిలిసినాను నాయుడుబాబూ. నువ్వు లేకపోతే తూకం సరిపోదు."

చుట్టునున్నవారు నవ్విరి. జోగినాయుడును నవ్వెను. భూలోకమ్మ నవ్వక అతని ముఖమువైపే చూచుచు అడిగెను.

"ఒక్క మాట ముందే సెప్పు బాబూ. నా పెనిమిటి కట్టిన తరవాత ఆ స్టీరింగు మీద ఇంకో మనిషి చెయ్యి పడిందా?"

"పడలేదు. నాలుగేళ్ళ కిందటే సంఘం ముందర సెప్పినాను. తవిటయ్య చెయ్యే ఆఖరు."

"ఇంకోసారి సెప్పు. వెనకున్నోళ్ళకి ఇనబడలేదు."

"తవిటయ్య చెయ్యే ఆఖరు, తవిటయ్య చెయ్యే ఆఖరు. సాలా? కావాలంటే పాట కట్టి పాడమంటావేటి?"

"సాలు బాబూ," అని ఆమె తాను పిలిపించియుంచిన కమ్మరి యన్నదమ్ములకు సైగచేసెను.

ఆ కమ్మరులిరువురును ఎదురెదురుగా నిలిచి ఒకే క్షణమున రెండు సుత్తులు దింపగలవారు. అట్టి నేర్పు లేనిచో ఆ పని జరుగదు. అతుకుకొనిపోయిన చేయిని ఒకవైపునుండి కొట్టినచో ఇరుసు వంగును. ఇరుసుకొనపై కొట్టినచో పెట్టెలోని పండ్లు పగులును. రెండు కొక్కెములుగల మరలాగుడు పనిముట్టుతో చేయిని పట్టి నడిమి మరను ఇరుసుకొనకు ఆనించి తాళజాలినంత బిగించి, అటుపిమ్మట చేయితలకు ఇరుప్రక్కలను ఒక్కమాటుగా సుత్తులు పడవలెను. అప్పుడు ఇనుము అదరి తన పట్టును తానే విడుచును. సన్యాసి నేలపై వెల్లకిల పరుండి, ముందుగా నట్టుకు పట్టుకఱ్ఱ యనబడు స్పానరును తగిలించి విప్పసాగెను.

"గాసు పెట్టి కోయించీరాదా?" అనెను జోగినాయుడు. "అర నిమిసంలో పని."

"కోసిన ఇనుము సాక్ష్యానికి పనికిరాదు బాబూ. నువ్వు నీడలో కూకో."

మొదట నట్టు ఊడుటకే జాములో సగము పట్టెను. పట్టుకఱ్ఱకు బారెడు గొట్టము తొడిగి నలుగురు వ్రేలాడినప్పుడు అది కీచుమని యేడ్చి కదలెను. పిమ్మట కొక్కెములు తగిలించి మర బిగింపగా సుత్తులు లేచెను. ఒకటి, రెండు, పది, ఇరువది. మ్రోత కొండనుండి కొండకు తగిలి తిరిగివచ్చుచుండెను గాని చేయి వెండ్రుకవాసియైన జరుగలేదు. సన్యాసి మరను ఇంకొక చుట్టు బిగించెను. మర కిఱ్ఱుమనెను. మరల సుత్తులు పడెను. ముప్పదియవ దెబ్బకు కొక్కెమొకటి పట్టుతప్పి బాణమువలె ఎగిరి చిన్నకమ్మరి చెవిప్రక్కనుండి దూసికొనిపోయి వెనుకనున్న ఇనుపడబ్బాను చీల్చెను. జనులు నాలుగడుగులు వెనుకకు జరిగిరి. చిన్నకమ్మరి చెవి తడిమికొని అది యథాస్థానముననున్నదని తెలిసికొని మరల సుత్తి యందుకొనెను.

చీపుళ్ళమోపు దింపుకొని చూచుచుండిన గూడెపుముసలమ్మ యొకతె, "ఆ ఇనుముకి ఆకలేస్తన్నాదేమో. కాసింత అంబలి పొయ్యండర్రా," అనగా మైదానమంతయు ఘొల్లుమనెను.

మధ్యాహ్నమయ్యెను. కమ్మరుల వీపులమీద చెమట కాలువలు గట్టెను. భూలోకమ్మ కదలలేదు. చేయి ఎంత మొండికెత్తునో ఆమె ముఖము అంత ప్రసన్నమగుచుండుట సన్యాసి యొక్కడే కనిపెట్టెను. అతడు మరను తుడుచుచు ఆమెవైపు ఒకసారి చూచెను. జోగినాయుడు మొదట కుర్చీలో వెనుకకు వ్రాలి కూర్చుండినవాడు క్రమముగా ముందునకు వంగి, జనుల యలసటను చూచి ఉత్సాహముపట్టజాలక లేచి నిలువబడెను.

భూలోకమ్మ నిట్టూర్చి కమ్మరులతో, "పెద్ద సమ్మెట తేవలసింది. ఈ సుత్తులకి లొంగేలా లేదు," అనెను. ఆ నిట్టూర్పు జోగినాయునికి వినబడునట్లు విడువబడినది.

"సమ్మెట కాదు, కొండెత్తి కొట్టినా రాదు," అని జోగినాయుడు నవ్వెను. "ఎక్కించిన్నాడే పన్నెండు సమ్మెట దెబ్బలు తిన్నాదది. నా కళ్ళతో సూసినాను. ఈ సిన్న సుత్తులకి వస్తాదేటి?"

జనులు నవ్వబోయిరి. కాని జీపులవారిలో ఎవరును నవ్వలేదు. జీపు అడుగున పరుండిన సన్యాసి చేయి మరమీద నిలిచిపోయెను. భూలోకమ్మ ఆ మాట విననట్లే యుండెను. చేతికి చిక్కిన చేపను గట్టుమీదికి విసరుటకు తొందరపడువారలకు చేపయు దక్కదు గాలమును దక్కదని యెఱిగినదై కమ్మరులతో, "ఇంకోసారి కొట్టండి," అని మాత్రము చెప్పెను.

సన్యాసి మరను కడపటి చుట్టు బిగించెను. రెండు సుత్తులు ఒక్క గుండెవలె పడెను. తుపాకి ప్రేలినట్లు శబ్దమై ఎఱ్ఱనితుప్పు పొగవలె రేగి చేయి ఇరుసునుండి ఊడి నేలపై దభాలున పడెను.

అందఱును ముందునకు త్రోసికొనిరి. భూలోకమ్మ ఆ చేయిని ఎత్తికొని దాని కంతలోనికి వ్రేలుపెట్టి త్రిప్పి ఎఱ్ఱబడిన వ్రేలిని సన్యాసికి చూపెను. పిదప జోగినాయునివైపు తిరిగెను.

"పన్నెండు దెబ్బలు ఎవరు కొట్టినారు నాయుడుబాబూ?"

"ఏటి?"

"ఎక్కించిన్నాడు సమ్మెటతో పన్నెండు దెబ్బలు. నీ కళ్ళతో సూసినావు. కొట్టిందెవరు? నా పెనిమిటి చెయ్యి ఎక్కించేటప్పుడు సుత్తి ముట్టడు. నట్టుతోనే లాగుతాడు. ఇక్కడున్న డ్రైవర్లందరూ దీపం పట్టి సూసినోళ్ళే. కాదనేవోళ్ళుంటే సెప్పండి."

ఎవరును కాదనలేదు. జోగినాయుడు తాళపుచెవులగుత్తిని గుప్పిట బిగించెను.

"మాటవరసకన్నాను. మాటలు పట్టుకొని లాగుతావేటి? నాలుగు వానలు తిన్న ఇనుమది. ఎవడు కట్టినా తుప్పు పడతాది. అదీ సాక్ష్యమేనా?"

"ఆ మాటే నీ నోటంట రావాలని పొద్దుటినించి సూస్తన్నాను," అని భూలోకమ్మ తన అంగడి ప్రక్కకు నడచి అచట కప్పియున్న తార్పాలును లాగివేసెను.

తార్పాలుక్రింద అటవీగుత్తదారుని పాతజీపొకటి చక్రములు లేక నేలకు అంటుకొని యుండెను. ఆ జీపు ఆఱు వర్షాకాలములు గెడ్డయొడ్డున యిసుకలో సగముదిగబడి పడియుండుట ఆ త్రోవను నడచిన వారందఱును చూచినదే. అది ఆగిపోకమునుపు దాని చేయిని మార్చినవాడు తవిటయ్య. అప్పుడు ప్రక్కన దీపము పట్టినవాడు సన్యాసి. ఇక వేఱొక సాక్షి అక్కఱలేదు. కమ్మరులు దాని నట్టును విప్పి కొక్కెములు తగిలించిరి. సన్యాసి మరను అరచుట్టు త్రిప్పెను. సుత్తి లేవలేదు. చేయి తనంత తాను జాఱి చిన్నకమ్మరి యొడిలో పడెను. దాని కంతలోపల నల్లని లేపనమొకటి యప్పుడే పూసినట్లు నిగనిగలాడుచుండెను.

అది ఆముదములో, పెన్సిళ్ళలోనుండు నల్లసీసపుపొడి కలిపి నూఱిన పూత. తవిటయ్య ఏ చేయి తొడిగినను ముందుగా ఇరుసుపండ్లకు ఆ పూత పూయకుండ తొడుగడు. మరునాడు ఎవడు విప్పవలసివచ్చినను వానికి ప్రయాస కలుగరాదని అతని గురువు నేర్పిన యలవాటు అది. పూసిన పిమ్మట లోపల కప్పబడిపోవును గనుక బండిసొంతదారునికి అది కనబడదు. జోగినాయునికి తెలియని సంగతి యదియే.

"మావా, ఆడిని పిలుసుకురా," అనెను భూలోకమ్మ.

తవిటయ్య వచ్చెను. జనులు దారి యిచ్చిరి. ఎవరివైపును చూడక అతడు నేలపై కూర్చుండి ఆ రెండు ఇనుపచేతులను ఒడిలో పెట్టుకొనెను. నల్లపూతగలదానిని బొటనవ్రేలితో రాచి వాసనచూచి, "ఇది నాది," అని ప్రక్కకు పెట్టెను. రెండవదానిని ఎత్తికొని వెలుతురునకు త్రిప్పెను. చాలసేపు చూచెను.

"ఇందులో పూత లేదు. పళ్ళు సూడండి, నలిగిపోయినాయి. అవి సరిగా కూకోకముందే దెబ్బకొట్టి ఎక్కించినారు. ఆ దెబ్బలకే పెట్టెలో పళ్ళు పగిలి మలుపులో తిరగలేదు." అతడు దానిని సన్యాసివైపు చాచెను. "ఇది నాను కట్టింది కాదు బాబూ. ఈ చెయ్యే నాను సూడనేదు."

ఆపైన మంచినీళ్ళు అడిగెను. అతని చేతులు రెండును తుప్పుతోను నల్లపూతతోను నిండియుండెను. చిలకమ్మ దూరమునుండి వచ్చి చెంబు నందుకొని అతని నోటికి పట్టెను. త్రాగి తవిటయ్య ఆమె పాదములవైపు చూచుచు, "నానే సంపీసినాననుకున్నానమ్మా. నాలుగేళ్ళూ," అనెను.

ఇక జోగినాయుని నోట నిజము వచ్చుటకు ఎంతోసేపు పట్టలేదు. తవిటయ్య కట్టిన పదునేనవనాడు చేయి రాతికి కొట్టుకొని వంగెను. తవిటయ్య షెడ్డుముందు అప్పటికే నాలుగుబండ్లు నిలిచియుండుట దూరమునుండి చూచి, అతడు వరుస తప్పించడని యెఱిగి, సంగతి చెప్పకయే వెనుదిరిగెను. ఎదుట సంత. ఒక్క సంత పోగొట్టుకొనుటకు ఇష్టములేక పల్లమున లారీలయొద్ద తిరుగు పనివానిని పిలిపించి ఎక్కడిదో పాతచేయిని సమ్మెటతో దిగగొట్టించెను. అది పదునాఱవనాటి సంగతి. ఇరువదియవనాడు ఏడవ మలుపు.

జీపులవారు కేకలు వేయసాగిరి. అతని జీపులను సంఘమునుండి వెలివేయవలెననిరి. సన్యాసి చేయెత్తి వారిని ఊరకుంచి, "నష్టపోయింది నువ్వు కోడలా. నువ్వే సెప్పు," అనెను.

భూలోకమ్మ ఒక్కక్షణము కన్నులు మూసికొనెను. వెలివేసినచో జోగినాయుడు రెండునెలలలో పల్లమునకు దిగి మఱియొక వ్యాపారము పెట్టుకొనును. ఏడాది తిరుగునప్పటికి మఱచిపోవును. మఱచిపోవు శిక్ష ఆమెకు అక్కఱలేదు. ఈ నాలుగేండ్లలో ఆమె ముందుగానే నిర్ణయించుకొనియున్న మాట ఇప్పుడు పైకి వచ్చెను.

"ఎలెయ్యొద్దు. అధ్యక్షుడుగానే ఉండనీండి. ప్రతి సంతకీ జీపుల వరస సెప్పి పంపేది ఆయనే గదా. ఈ చెయ్యిని జీపులు నిలిచే కాడున్న ఆ స్తంభానికి యేలాడగడదాం. ఒక్కో జీపు కదిలేముందు నాయుడుబాబు తన చేత్తో దీన్ని ఒక దెబ్బ కొట్టాల. దెబ్బ ఇనబడకపోతే జీపు కదలకూడదు. నా పెనిమిటి నాలుగేళ్ళు కూకున్నాడు. ఈయన నాలుగేళ్ళు నిలబడాల. ఒక సంత ఎక్కువొద్దు. ఒక సంత తక్కువొద్దు."

తవిటయ్య తలయెత్తెను. "వద్దే. ముగ్గురు పోయిన ఇనుమది. గెడ్డలో పారేయించు."

"నీ లెక్క తేలిపోనాది. నా లెక్క నన్ను సూసుకోనీ."

సన్యాసి చిలకమ్మవైపు చూచెను. ఆమె మెల్లగా చెప్పెను. "మోగించండి. మా గూడెందాకా ఇనబడాల."

జోగినాయునికి నాలుగు జీపులు కలవు. సంఘము కాదన్నచో ఆ కొండమీద వానికి చక్రము తిరుగదు. అతడు తలవంచుకొని సుత్తి యందుకొనెను.

తరువాతి సంతనుండియు చింతలగెడ్డ మైదానమున ఆ మ్రోత వినబడసాగెను. పదునెనిమిది జీపులకు పదునెనిమిది దెబ్బలు. మొదటిసంతలో జోగినాయుడు ముఖము ప్రక్కకు త్రిప్పుకొని కొట్టెను. ప్రయాణికులు ఒకరినొకరు పొడుచుకొని అదే చెయ్యి యని చూపుకొనిరి. భూలోకమ్మ అంగడిలో కూర్చుండి ఒక్కొక్క దెబ్బను చలికాలమున వేడిగంజివలె గుటకగుటకగా గ్రోలెను. తవిటయ్య పెట్టె తాళము తీసెను. జీపులు వరుసగట్టెను. అతని పని యథాప్రకారము సాగుచుండెను గాని దెబ్బ మ్రోగినప్పుడెల్ల చేతిలోని పనిముట్టు ఒక్క క్షణము ఆగుచుండెను. ఒకసారి అతడు, "ఇంక దింపించెయ్యవే," అనెను. ఆమె విననట్లు లోనికి పోయెను. అతడు రెండవసారి అడుగలేదు.

ఏడాది గడచెను. జోగినాయుని అఱచేత కాయకట్టెను. తెల్లచొక్కా మాసినను అతడు పట్టించుకొనుట మానెను. ముఖము త్రిప్పుకొనుటయు మానెను. జనులు చూపుకొనుటయు మానిరి. రెండవయేడు సగము గడచునప్పటికి ఆ దెబ్బ దేనికి మ్రోగుచున్నదో సంతకు క్రొత్తగా వచ్చువారికి తెలియదు. జీపులవారు మాత్రము అది వినబడనిదే ఏడవ మలుపు దాటరాదని నమ్మసాగిరి. నగుబాటు చేయుటకు పెట్టిన శిక్ష నియమముగా మాఱిపోయెను. భూలోకమ్మ యొక్కతెకే అది యింకను తీయగా నుండెను. ఒక్కొక్క సంత గడచుచుండ ఇంకను ఎన్ని మిగిలినవో లెక్కించుకొనుచు, మిగిలినవి తగ్గుచున్నందుకు లోలోపల చింతించుచుండెను.

పుష్యమాసమున గడ్డిపై మంచు ఉప్పువలె పేరుకొనిన యొక సంతనాడు ప్రొద్దు బారెడెక్కినను దెబ్బ వినబడలేదు. జీపులు నిండియుండెను. పసుపుబస్తాలపై కూర్చుండినవారు చలికి ముడుచుకొని తొందరపెట్టుచుండిరి. యంత్రములు మ్రోగుచుండెను గాని ఒక్క చక్రమును కదలలేదు. భూలోకమ్మ బేరమాడువానితో మాట మధ్యలోనే విడిచి మైదానమును దాటి స్తంభమునొద్దకు పోయెను.

"నాయుడేడీ?"

"చలిజొరం కోడలా," అనెను సన్యాసి. "మూడు దినాలయ్యి మంచం దిగలేదు. పొద్దున్న లేవబోయి పడిపోనాడంట. నీ గడువింకా రెండేళ్ళకి దగ్గరగా ఉంది. ఇయాళకి ఏటి సెయ్యమంటావు? సాలంటే సాలు. నువ్వే సెప్పాల."

పదునెనిమిది జీపులలోని ముఖములన్నియు ఆమెవైపు తిరిగెను. సాలు అను మాట రెండక్షరములది. ఆమె దానిని నాలుక చివరకు తెచ్చుకొనెను. అక్కడ అది అతుకుకొనిపోయెను. ఎదుట చేయి త్రాటికి వ్రేలాడుచు చలిగాలికి కొంచెముగా కదలుచుండెను. దెబ్బలు తగిలి తగిలి దాని యొకవైపు తుప్పు పోయి వెండివలె మెఱయుచుండెను.

భూలోకమ్మ స్తంభము మొదట పడియున్న సుత్తి నందుకొనెను.

ఆ దెబ్బ జోగినాయుని దెబ్బవలెనే మ్రోగెను. మొదటి జీపు కదలెను. షెడ్డులోనుండి తవిటయ్య వెలుపలికి వచ్చి అచట నిలిచియున్నది ఎవరో చూచి మరల లోనికి పోయెను. ఆమె రెండవదానికి కొట్టెను. మూడవదానికి కొట్టెను. చిలకమ్మ గూడెమువైపునుండి వచ్చిన ప్రతిధ్వని చెవులకు తగులునప్పటికి మఱియొకటి కొట్టవలసివచ్చుచుండెను. పదియవ జీపునకు అఱచేయి బొబ్బలెక్కెను. పగకు గడువు పెట్టినవారు ఆ గడువు తీఱువఱకు దాని చెంత తామును నిలువవలసినదేయని అప్పటికి ఆమెకు తెలియవచ్చెను. తెలిసినను ఆమె పదునెనిమిదవ జీపు ఏడవ మలుపువైపు తిరిగి కనుమఱుగగువఱకు సుత్తిని దింపలేదు.